ఛార్జరు కంటే తెలివైన మనిషి

మనుషులకు తెలివి ఉండాలని ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఉత్తర్వు ఇవ్వలేదు. ఛార్జరుకు మాత్రం తెలివి ఉండి తీరాలని తొంభై ఆరో సంవత్సరం ఆషాఢంలో నల్లగొండలో ఒక ఉత్తర్వు వెలువడింది. దాన్ని నేను కళ్లారా చూశాను. గోడకు అంటించారు. కింది సగం వానజల్లుకు తడిసి ఊడిపోయింది కాబట్టి మినహాయింపులు ఎవరెవరికి ఉన్నాయో నేటికీ మాలో ఎవరికీ తెలియదు.

ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు పేరు ‘వినికిడి యంత్రాల పంపిణీ మరియు పరిరక్షణ ఉపకార్యాలయం’. (పేరు మొత్తం ఎందుకు చెబుతున్నానంటే, సగం చెబితే అక్కడి గుమస్తా తల ఎత్తడు.) ఆ ఆఫీసుతో నాకు చుట్టరికం కలిసింది నా మనవరాలు అండాలు వల్ల. మా కొడుకు బీరన్న బిడ్డ. ఏడేండ్లది. పుట్టిన ఏడాది వచ్చిన జ్వరం దాని చెవులు తీసుకుపోయింది. పూర్తిగా తీసుకుపోలేదు, పిడుగు పడితే తల తిప్పుతుంది. పిడుగులు రోజూ పడవు కదా. అందుకని ఉత్తర్వుకు ముందటేడు మాఘంలో ఆ ఆఫీసువాళ్లు శిబిరం పెట్టి పిల్లకు ఒక డబ్బా ఇచ్చారు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. గుడ్డసంచిలో వేసి ఛాతీకి కట్టాలి, రెండు తీగలు చెవుల్లోకి పోతాయి. లోపల వేలంత పెన్సిల్ సెల్లు. డబ్బా కట్టిన మొదటిరోజు అండాలు తన కాళ్ల పట్టీల చప్పుడు తనే విని, ఎవరో వెంబడి వస్తున్నారని మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆ డబ్బాతోనే బడికి పోయింది, రెండో తరగతికి వచ్చింది. బడిలో ఒక నియమం ఉంది: పిలిచినప్పుడు పలికినవారే హాజరు. ఎదురుగా కూర్చున్నా సరే, పలకకపోతే రానట్టే. వరుసగా నలభై బడిరోజులు పలకకపోతే రిజిస్టరులో పేరు కొట్టేస్తారు. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ చెవులు బాగా వినిపించేవారే అయి ఉంటారు.

డబ్బా ఉన్నన్నాళ్లు మాకు చింత లేదు. ఒక సెల్లు తొమ్మిది రోజులు వచ్చేది. అయిపోయాక దాన్ని మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండకు పెడితే ఇంకో రెండు రోజులు పలికేది. ఇదేమీ నా కనిపెట్టుడు కాదు. హాలియా చుట్టుపక్కల ఏ మిద్దె ఎక్కి చూసినా వడియాలు ఎన్ని ఉంటాయో సెల్లులు అన్ని ఉంటాయి. టార్చిలైటువి ఒక వరుస, రేడియోవి ఒక వరుస. పక్కింటి యాదమ్మ తన సెల్లులను పొద్దున తూర్పుకు, మాపటికి పడమటికి తిప్పి పెట్టేది. అంత శ్రద్ధ మనుషుల మీద పెట్టదు.

అప్పుడు ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఈ ఆఫీసు డబ్బాలలో వాడి పారేసే సెల్లులు నిషేధం. తిరిగి నింపుకునే సెల్లులే వాడాలి. వాటిని నింపే ఛార్జరును లబ్ధిదారులు ‘స్వేచ్ఛగా ఎంపిక’ చేసుకోవాలి. స్వేచ్ఛ అనే మాట ఉత్తర్వులో మూడుచోట్ల ఉంది. మూడుచోట్లా దాని పక్కన ‘లేనిచో’ అని ఉంది.

నేను బేస్తవారం పొద్దున బస్సెక్కి నల్లగొండ పోయాను. బీరన్న, కోడలు నాట్లకు పోతారు. ఆఫీసులకు పోయే మనిషిని నేనే. వరుసలో పన్నెండు మంది ముందున్నారు. అందరూ చెవులకు సంబంధించిన వారే కాబట్టి గుమస్తా పేర్లు పిలుస్తుంటే ఎవరూ పలకడం లేదు. ఆయన పేరు భిక్షపతి. నెమ్మదస్తుడు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

“పాత సెల్లు ఇటియ్యి అవ్వా,” అన్నాడు.

ఇచ్చాను. దాన్ని ఒక కవరులో వేసి అంటించి, మీద నంబరు రాశాడు.

“ఇగో, గివి రెండు. ఎర్రగీత సెల్లులు. ఒక్కొక్కటి వెయ్యిసార్లు నింపొచ్చు.”

“ఇప్పుడు నిండుగున్నయా సారూ?”

“ఖాళీయే. నిండుగ ఇస్తే నింపేది గూడ మేమే అన్నట్టయితది. మా పని ఇచ్చుడు వరకే.”

“మరి నింపే డబ్బా?”

“అది నువ్వు ఎంపిక చేస్కోవాలె. ఎంపిక పత్రాలు ఇంక అచ్చుకాలే. వచ్చే బేస్తవారం రా.”

“అప్పటిదాంక పిల్లకు ఎట్ల వినవడ్తది?”

భిక్షపతి ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. (చివర అంటే ఆయన దగ్గరున్న కాపీ చివర. అది తడవలేదు. అయినా అందులో కూడా లేదు.) “దాని గురించి ఏం రాయలే,” అన్నాడు, నాకంటే ఆయనే ఎక్కువ బాధపడుతూ.

మరునాడు శుక్రవారం. నలభై రోజుల్లో అది మొదటిది.

ఆ వారం నేను చేసింది మా ఊళ్లో ఎవరైనా చేసే పనే. ఎర్రగీత సెల్లులను మిద్దె మీద ఎండకు పెట్టాను. ఆరు రోజులు. కొత్తరకం కదా అని అడుగున ఇత్తడి పళ్లెం కూడా పెట్టాను. పళ్లెం వేడెక్కింది. సెల్లులు వేడెక్కాయి. డబ్బాలో వేస్తే మూగనోము పట్టినట్టు ఉన్నాయి.

రెండో బేస్తవారం భిక్షపతి మామూలుగానే అడిగాడు, “గీ వారం సెల్లులను ఏం చేసినవు అవ్వా?” అని.

“ఎండకు పెట్టిన సారూ.”

ఆయన కలం ఆగింది. లోపలికి పోయి ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చాడు. ‘లబ్ధిదారు తరఫు వ్యక్తి ఆరు దినములు అనధికార ఎండను వినియోగించినట్టు ఒప్పుకొన్నది’ అని రాసి నాకు చదివి వినిపించాడు.

“ఏ టైములల్ల?”

“పొద్దు పొడిచినకాంచి గూకేదాంక.”

“మిద్దె ఎవ్వలిది?”

“మాదే.”

“ఎండ?”

“ఎండ ఎవ్వలిదో నాకు తెల్వదు సారూ.”

“‘తెలియదు’ అని రాస్తున్న,” అని రాశాడు. ఆ పేజీ ఇప్పటికీ ఉండి ఉంటుంది. సూర్యుడి గురించి ఆ ఆఫీసులో ఉన్న కాగితం అదొక్కటే.

తరువాత ఎంపిక పత్రం ఇచ్చాడు. మూడు ప్రతులు. మూడు రకాల ఛార్జర్లు. మొదటిది మొద్దురకం. రెండోది మధ్యరకం, అది ఇంకా తయారు కాలేదు, కాని ఎంపిక విశాలంగా కనిపించాలని పత్రంలో ఉంచారు. మూడోది తెలివైన రకం. మొదటిదాన్నీ మూడోదాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించాడు. మొద్దుది నల్లగా, ఇటుకపెళ్లలా ఉంది. తెలివైనది తెల్లగా ఉంది, మూత ఉంది, ముందర రెండు దీపాలున్నాయి.

“మొద్దుదానికి ఏం తెల్వదు అవ్వా. నువ్వే పెట్టాలె, నువ్వే తియ్యాలె. ఎప్పుడు నిండుతదో నువ్వే చూస్కోవాలె. గిది అట్లగాదు. పద్నాలుగు గంటలు తనంతట తనే లెక్కవెట్టుకుంటది. నిండంగనే ఎర్రదీపం పోయి పచ్చదీపం వస్తది. అప్పటిదాంక దాన్ని ముట్టద్దు.”

“నాకు మొద్దుదే ఇయ్యి సారూ. మా ఇంట్ల అందరం మొద్దులమే, జతవడతది.”

“అది ఊకెనే ఇయ్యరాదు,” అన్నాడు. “దానికి ధ్రువపత్రం కావాలె.”

మొద్దు ఛార్జరుకు తెలివి లేదు కాబట్టి, ఆ తెలివి ఇంట్లో ఎవరో ఒకరికి ఉండాలి. లేకపోతే సెల్లులు మాడిపోతాయి, ప్రభుత్వ ఆస్తికి నష్టం. కాబట్టి ‘ఇంటియందు ఛార్జరు కంటే తెలివైన వ్యక్తి కనీసం ఒకరు నివసించుచున్నట్టు’ ఊరి పాలనాధికారి ధ్రువీకరించాలి. తెలివైన రకానికి ఏ పత్రమూ అక్కరలేదు. ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నా ఫరవాలేదు.

తిరుగుబస్సు హాలియాలో ఆగినప్పుడు లియాఖత్ అలీ దుకాణానికి పోయాను. ఆయన రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తాడు. ముప్పై ఏండ్లుగా ఆ దుకాణంలో విప్పిన రేడియోలు విప్పినట్టే ఉంటాయి, అయినా ఏది ఎవరిదో ఆయనకు తెలుసు. నేను చెప్పిందంతా విని, చేతిలోని స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకున్నాడు.

“అవ్వా, నా మాట విను. మొద్దుదే తీస్కో.”

“తెలివైనది మంచిది కాదా?”

“మంచిదే. పట్నంల మంచిది. మొద్దుదానికి యాది ఉండదు, అందుకే మరుపు గూడ ఉండదు. కరెంటు ఉన్నంతసేపు నింపుతది, పోతే ఊకుంటది, వస్తే మళ్ల నింపుతది. గంటలు నువ్వు గోడమీద బొగ్గుతోని గీస్కుంటే అయిపాయె. ఆ తెలివైనది గట్ల కాదు. కరెంటు పోయిందనుకో, అప్పటిదాంక పెట్టిన లెక్క మర్చిపోతది. మళ్ల ఒకటికాంచి షురూ జేస్తది.”

“గింత తెలివి ఉండి గింత మరుపేంది బిడ్డా?”

“చదువుకున్నది గదా,” అన్నాడు లియాఖత్ అలీ, స్క్రూడ్రైవరు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

మా ఊళ్లో కరెంటు రోజుకు ఎనిమిది గంటలు. ఆ ఎనిమిదీ ఒక్కచోట ఉండవు. ఒకటిన్నర ఇక్కడ, రెండు అక్కడ, మోటర్లు ఆపే వేళకు ఒక ముక్క. పద్నాలుగు గంటల కరెంటును మా ఊళ్లో పుట్టి పెరిగినవారు ఎవరూ ఒక్కతాడు మీద చూడలేదు.

కాబట్టి ధ్రువపత్రానికి పాలనాధికారి దగ్గరికి పోయాను. ఆయన పత్రం రెండుసార్లు చదివి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“అవ్వా, నేను నివాసం రాస్త, కులం రాస్త, పుట్టిన తారీఖు రాస్త. తెలివి రాసుడు నా చేతుల లేదు.”

“నాకు కాకున్న బీరన్నకన్న రాయి సారూ. ఛార్జరు కంటే జర ఎక్కువ ఉంటె సాలు.”

“ఎట్ల కొలవాలె? రేపు ఆడిటోళ్లు వచ్చి, నీకు ఎవ్వలు రాసిచ్చిండ్రు తెలివున్నదని అడిగితే నేనేం చూపెట్టాలె? మొదలు నాకు పైనుంచి ఎవ్వలన్న రాసియ్యని, నేను నీకు రాస్త.”

పైన ఆయనకు రాసిచ్చేవారు లేరు. పై వారికి ఆ పైన లేరు. అలా చూసుకుంటూ పోతే ఢిల్లీ దాకా ఛార్జరు కంటే తెలివైన మనిషి ఒక్కరున్నట్టు కూడా కాగితం లేదు. మూడో బేస్తవారం నేను స్వేచ్ఛగా తెలివైన రకాన్ని ఎంపిక చేసుకున్నాను.

దాని మూతకు ఆఫీసువారి కాగితం సీలు ఉంది. లోపల మా సెల్లులు వారే పెట్టి, వారే సీలు వేశారు. షరతులు నాలుగు. పచ్చదీపం వెలగకముందు సీలు తీయరాదు. వెలిగిన పిదప తీయవచ్చు. వెలిగిన తేది, సమయం, స్థలం రాసి నివేదిక పంపాలి. ఎరుపులో ఉండగా తీసినచో డబ్బా వాపసు తీసుకోబడును.

ఇంటికి తెచ్చి గోడకు తగిలించాం. కరెంటు వచ్చింది. ఎర్రదీపం వెలిగింది. అండాలు దాని ముందర బాసిపట్లు వేసుకుని కూర్చుంది. ఒకటిన్నర గంటకు కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక ఎర్రదీపం మళ్లీ వెలిగింది, అప్పుడే పుట్టినంత హుషారుగా. రెండున్నర గంటలకు మళ్లీ పోయింది. ఇలా పది రోజులు ఆ ఛార్జరు మా ఇంట్లో ఎన్నిసార్లు ఒకటి నుంచి మొదలుపెట్టిందో లెక్కలేదు. లెక్క పెట్టే పని దానిదే కదా.

బడిలో సంగతి వేరు. ఛార్జరు ప్రతి కోతకూ లెక్క మొదటికి తెచ్చుకునేది. రిజిస్టరుకు ఆ అలవాటు లేదు. పదిహేను, పదహారు, పదిహేడు అని నిమ్మళంగా పోతోంది. బడిపంతులు ఎల్లేశం సారు చెడ్డవాడు కాదు. ఆయన పిలుస్తుంటే అండాలు పెదవులు చూసి పలకాలని ముందు వరుసలో కూర్చునేది. కాని పేర్లు చదివేటప్పుడు సారు తల రిజిస్టరులో ఉంటుంది. పక్కపిల్ల మోచేత్తో పొడిచినప్పుడల్లా అండాలు లేచి “హాజర్ సార్” అనేది. ఆ పక్కపిల్లకు పొడవడం సరదా. అలా ఒకనాడు హనుమమ్మ పేరుకు పలికి, ఊళ్లోనే లేని హనుమమ్మను హాజరు చేసింది.

నేనే ఒకనాడు పోయి అడిగాను.

“సారూ, జర తల ఎత్తి పిలువు. పిల్ల మూతి చూసి పలుకుతది.”

“తల ఎత్తితే పేరు కనవడదవ్వా.”

“దాని పేరు మీకు నోటికి రాదా?”

“వస్తది. కానీ చూసి పిలువాలె. చూడకుంట పిలిస్తే అది పిలుసుడు కిందికి రాదు.” చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నాకు తెల్వదా అవ్వా, పిల్ల రోజు వస్తాంది. ముందటనే కూసుంటాంది. కానీ రిజిస్టర్ల కూసుంటలేదు. నేనేం జెయ్యాలె?”

ఇరవై మూడో రోజున నేను నియమం తప్పాను. లియాఖత్ అలీ దగ్గరికి పోయి ఒక మామూలు సెల్లు తెచ్చి డబ్బాలో వేశాను. ఆయన దాన్ని ఇస్తూ, “ఎవ్వలకు చెప్పకు,” అన్నాడు. నేను చెప్పలేదు. పిల్ల చెప్పింది. ఎలా అంటే, మూడు రోజులు వరుసగా ఊరు వినేటట్టు “హాజర్ సార్” అని అరిచింది. నాలుగో రోజున తనిఖీకి వచ్చిన భిక్షపతి బడి గేటు దగ్గరే ఆ కేక విన్నాడు. పచ్చదీపం నివేదిక రాని పిల్ల ఎలా పలికింది అన్నది ఆయన ముందున్న సమస్య.

డబ్బా మూత తీసి చూశాడు. సెల్లును రుమాలుతో పట్టుకుని కవరులో వేశాడు. అంటించి, మీద నంబరు రాశాడు.

“అవ్వా, నాకు గూడ బిడ్డలున్నరు,” అన్నాడు. “డబ్బా తీస్కపోవాలె అసలైతే. తీస్కపోను. ఇంకొకపారి దొరికితే మటుకు నా చేతుల ఉండదు.”

ఆయన మాట నిలుపుకున్నాడు. డబ్బా తీసుకుపోలేదు. వారం తిరక్కముందే బడికి ఒక కాగితం మాత్రం వచ్చింది. ‘అనధికార సెల్లుతో పలికిన పలుకులు చెల్లవు. సదరు దినములను గైర్హాజరుగా సవరించవలెను.’ ఎల్లేశం సారు ఎర్రసిరాతో నాలుగు రోజులనూ సవరించాడు. సవరించేటప్పుడు పక్కన చిన్న అక్షరాలతో ‘గట్టిగా పలికినది’ అని రాశాడట. ఆ మాటకు రిజిస్టరులో గడి లేదు, అయినా రాశాడు.

నేను అర్జీ పెట్టాను. యాదమ్మ కొడుకు రాసిచ్చాడు. ఛార్జరులో దోషం ఉందని, మొద్దుదానితో మార్చాలని. జవాబు వచ్చింది. ఛార్జరులో దోషం లేదు, దాని తెలివి పరీక్షించబడినది. దోషం కరెంటులో ఉన్నది. కరెంటు ఈ ఉపకార్యాలయ పరిధిలోనిది కాదు. కరెంటు మార్పించుకొని తెలియజేయగలరు.

ఈ జవాబు మీద నాకు కోపం రాలేదు. ఆలోచిస్తే అందులో దారి ఉంది. కరెంటును మా ఊరికి మార్పించలేను, ఛార్జరును కరెంటు ఉన్నచోటికి మోసుకుపోగలను. పద్నాలుగు గంటలు తెగకుండా కరెంటు ఉండే జాగా మా దిక్కున ఒక్కటే. సాగర్ కాలనీ. కరెంటు పుట్టే ఇల్లు కదా, పుట్టినింట్లో కోతలుండవు.

అక్కడ గులాబ్‌బీ ఉంది. నా ఈడుదే. సాగర్ డ్యాము కట్ట కట్టేటప్పుడు ఆమె, నేను ఒకే వరుసలో తట్టలు మోశాం. నా పెండ్లయి ఏడాది, ఆమెకు కడుపులో పెద్దోడు. ఆ కట్టలో మేము మోసిన రాళ్లు ఎక్కడున్నాయో ఇప్పుడు చూపించమంటే చూపించలేము గానీ, ఉన్నాయి. ఆ పెద్దోడే ఇప్పుడు కాలనీలో పైపుల పని చేస్తాడు; అందరూ ఒక చిన్న క్వార్టరులో ఉంటారు.

ముప్పై ఎనిమిదో రోజు శనివారం. ఆ సాయంత్రం ఛార్జరును చీరలో చుట్టి, పిల్లను వెంటబెట్టుకుని సాగర్ బస్సెక్కాను. ఆదివారం తెల్లవారి ఐదింటికి గులాబ్‌బీ వంటింట్లో గోడకు తగిలించాం. ఎర్రదీపం వెలిగింది. నేను పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

“గిట్లనే కూసుంటవా జంగమ్మా? పద్నాలుగు గంటలు?” అంది గులాబ్‌బీ.

“అది లెక్కవెడ్తాంది. ఒక్కతే ఉంటే మర్చిపోతదేమోనని.”

“కట్ట మీద గింతసేపు కూసుంటే మేస్త్రీ ఊకునేటోడా?”

“గప్పుడు కూసోలేదు కాబట్టే గిప్పుడు కూసుంటున్న.”

“మనం మోసిన రాళ్లకు పుట్టిన కరెంటు. నీ ఊరికి రానందుకు నువ్వే వచ్చినవు. జర చాయ్ తాగు, దీపం ఎటు పోదు.”

చాయ్ అక్కడే తాగాను, అన్నం అక్కడే తిన్నాను. అండాలు, గులాబ్‌బీ మనవరాలు గంటకోసారి వచ్చి దీపం వైపు, నా వైపు చూసిపోయారు. కరెంటు ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. సాయంత్రం ఏడింటికి ఎర్రదీపం పోయింది. ఒక ఘడియ ఏ దీపమూ లేదు. ఆ ఘడియ నాకు బాగా గుర్తుంది. తరువాత పచ్చదీపం వచ్చింది. కొత్తగడ్డి రంగు. గులాబ్‌బీ పచ్చదీపానికి చేయెత్తి సలాం చేసింది.

సీలు తీసి, సెల్లు డబ్బాలో వేసి, పిల్ల ఛాతీకి కట్టాను. “అండాలూ,” అన్నాను వెనక నుంచి. తిరిగింది. మళ్లీ పిలవమంది. ఎన్నిసార్లు పిలిచినా ఇంకోసారి అంది.

సోమవారం మొదటి బస్సుకే హాలియా వచ్చి, పిల్లను బడి దిక్కు పోయే ఆటోలో ఎక్కించి, నేను లియాఖత్ అలీ దుకాణంలో నివేదిక రాయించాను. షరతు షరతే కదా. తేది రాశాడు, సమయం రాశాడు. స్థలం దగ్గర ఆగాడు.

“మీ ఊరి పేరు రాస్తున్న అవ్వా.”

“దీపం మా ఊర్ల వెలగలే గదా.”

“ఎవ్వలు చూసిండ్రు?”

“నేను చూసిన. గులాబ్‌బీ చూసింది. ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా, మళ్ల ఏదన్న తప్పువడితే డబ్బా పోతది.”

లియాఖత్ అలీ నన్ను ఒకసారి చూశాడు. మొద్దు ఛార్జరుకు ధ్రువపత్రం ఎందుకు అడుగుతారో అప్పుడు ఆయనకు అర్థమైనట్టుంది. ‘సాగర్ కాలనీ, గులాబ్‌బీ వంటగది’ అని రాశాడు. నేను వేలిముద్ర వేసి, నల్లగొండ పోయి భిక్షపతి చేతిలో పెట్టాను. చదివి ఆయన తల పట్టుకున్నాడు. పట్టుకునే ముద్ర వేశాడు.

సోమవారం అండాలు పలికింది. మంగళవారం పలికింది. ఎల్లేశం సారు రెండు రోజులూ తల ఎత్తి నవ్వి మరీ గీత పెట్టాడట. మంగళవారం సాయంత్రం బడికి కాగితం వచ్చింది. ఆ ఆఫీసు నుంచి ఏ కాగితమైనా మరునాడే రావడం అదే మొదలు. ‘పచ్చదీపము లబ్ధిదారుని నివాస గ్రామమందే వెలగవలెను. పరాయి గ్రామపు కరెంటుతో నిండిన సెల్లు నిండినట్టు పరిగణింపబడదు. అట్టి సెల్లుతో పలికిన పలుకులు చెల్లవు.’ ముప్పై తొమ్మిది, నలభై ఎర్రసిరాలోకి మారాయి. సారు నియమం ప్రకారం పిల్ల పేరు మీద గీత కొట్టి, మా ఇంటికి నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. మళ్లీ చేర్చుకోవాలంటే ముందు చదివిన బడి నుంచి బదిలీపత్రం కావాలి. ముందు చదివిన బడి అదే కాబట్టి, అక్కడి నుంచి అక్కడికి బదిలీ అయ్యే వీలు లేదు.

బుధవారం కూడా పిల్ల బడికి పోయింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. సెల్లు మాత్రం దివ్యంగా ఉంది; ఎక్కడి కరెంటో దానికి తెలియదు కదా. సాయంత్రం వచ్చి, సంచి దించి, నా ఎదురుగా నిలబడి సారు పేర్లు పిలిచినట్టే పిలిచి చూపించింది. సారు గొంతే. సగంలో సారు దగ్గే దగ్గు కూడా దగ్గింది. నలభై మూడు పేర్లు, ఇంటిపేర్లతో సహా, ఏ పేరుకు ఎవరు ఎలా పలికారో కూడా. వరుస తప్పలేదు. ఒక్క పేరూ విడిచిపెట్టలేదు. అన్నీ అయ్యాక, తన పేరుకు ముందరి పేరుకూ తరువాతి పేరుకూ మధ్య సారు ఆగలేదు అవ్వా అని చెప్పింది.

ఆ నెలాఖరుకు ఉపకార్యాలయం నుంచి మామూలు పత్రం వచ్చింది. ‘పేరు పిలిచినప్పుడు లబ్ధిదారునికి స్పష్టంగా వినపడుచున్నదా?’ అని ఒకే ప్రశ్న, కింద రెండు గడులు. ‘అవును’ గడిలో వేలిముద్ర వేశాను.